ఆదివారం దాకా మీకే!

మొన్న ఒక ఫ్లాటు తెగ నచ్చేసింది. ఓనరు గారు "ఆదివారం దాకా ఎవరికీ ఇవ్వను, ఆలోచించుకోండి" అన్నారు. శుక్రవారం ఫోన్ చేసి "వేరేవాళ్ళకి ఇచ్చేశానండీ" అన్నారు. ఒళ్ళు మండింది. కానీ చట్టం ఆయన వైపే!

1874లో ఇంగ్లండులో డాడ్స్ అనే ఆయన 800 పౌండ్లకి ఇల్లు అమ్ముతానని, శుక్రవారం దాకా గడువని డికిన్సన్‌కి రాసిచ్చాడు. గురువారమే ఇంకొకరికి అమ్మేశాడు, ఆ సంగతి డికిన్సన్‌కీ తెలిసింది. 1876లో అప్పీలు కోర్టు డాడ్స్‌నే సమర్థించింది. గడువు కోసం డికిన్సన్ ఏమీ చెల్లించలేదు కదా! మన 1872 కాంట్రాక్టు చట్టంలోనూ, మనం ఒప్పుకునేలోపు ఆఫరు వెనక్కి తీసుకోవచ్చు.

ఆగినందుకు కొంత సొమ్మిచ్చి రాయించుకుంటేనే అది ఆప్షన్. కొనే హక్కు మనది, కొనాలన్న బలవంతం లేదు. కొనకపోతే ఆ సొమ్ము పోతుంది, పోనీండి. నాలాగా ఉత్త మాటని మాత్రం నమ్ముకోకండి.