పాపాల లెక్క, గోడ ఎత్తు

2011 మార్చి 14. జపాన్ ఈశాన్య తీరాన్ని సునామీ ముంచేసి మూడు రోజులే అయింది. బురదలోంచి ఇంకా శవాలు తీస్తూనే ఉన్నారు. బడుల్లో తలదాచుకున్నవాళ్ళు గోడల మీద అతికించిన జాబితాల్లో తమవాళ్ళ పేర్లు వెతుక్కుంటున్నారు. ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రంలో ఆ ఉదయమే మూడో రియాక్టర్ భవనం పేలింది. సరిగ్గా ఆ రోజున టోక్యో గవర్నర్ షింతారో ఇషిహరా పత్రికలవారితో మాట్లాడారు. జపాన్ జనంలో స్వార్థం ముదిరిపోయిందనీ, ఈ సునామీతో ఆ మకిలి కడిగేసుకోవాలనీ, ఇది దైవశిక్షేనని తాను అనుకుంటున్నాననీ చెప్పారు. బాధితుల ప్రాంతాల నుంచి నిరసన వచ్చింది. మర్నాడు మాట వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పారు. నెల తిరగకుండానే జరిగిన ఎన్నికలో నాలుగోసారి గవర్నర్‌గా గెలిచారు.

దక్షిణ కొరియాలో పేరుమోసిన మతబోధకుడు డేవిడ్ యొంగి చో ఇంకో కారణం చూపించారు. జపాన్ ప్రజలు విగ్రహారాధన, నాస్తికత్వం, భౌతికవాదం వెంట పోతున్నారు కాబట్టి ఇది దేవుడి హెచ్చరిక కావచ్చన్నారు. ఒకరి లెక్కలో నేరం స్వార్థం, మరొకరి లెక్కలో నేరం విగ్రహారాధన. నేరం ఏమిటన్న దగ్గర ఇద్దరికీ పొంతన లేదు. శిక్ష పడిందన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

శిక్ష అయితే ఎవరికి పడింది? సుమారు 15,900 మంది చనిపోయారు. దాదాపు 2,500 మంది ఆచూకీ నేటికీ దొరకలేదు. మృతుల్లో సగానికి పైగా అరవై ఏళ్ళు దాటినవాళ్ళు. ఇవాతే, మియాగి తీరాల్లో చేపలు పట్టుకుని, ఆల్చిప్పలు, సముద్రపు నాచు పెంచుకుని బతికే ఊళ్ళవాళ్ళు. ఇషినోమాకి నగరంలోని ఒకావా ప్రాథమిక పాఠశాలలో 74 మంది పిల్లలు, పదిమంది ఉపాధ్యాయులు కొట్టుకుపోయారు. ఆరో తరగతి దాటని పిల్లలు ఏ స్వార్థానికి జవాబుదారులు? ఈ ప్రశ్న ఎదురుగా పెట్టుకున్నవాళ్ళెవరూ దైవశిక్ష అన్న మాట నోటితో అనలేరు.

జరిగిందేమిటో భూభౌతిక శాస్త్రం స్పష్టంగానే చెబుతుంది. పసిఫిక్ ఫలకం ఏడాదికి ఎనిమిది సెంటీమీటర్ల చొప్పున జపాన్ కిందికి చొచ్చుకుపోతోంది. రెండు ఫలకాలు పట్టేసుకున్న చోట వందల ఏళ్ళుగా ఒత్తిడి పేరుకుంది. మార్చి 11 మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు ఆ పట్టు సడలింది. తీవ్రత 9. కొన్నిచోట్ల ఫలకం ఒక్కసారిగా యాభై మీటర్ల దాకా జారింది. సముద్రపు అడుగు పైకి లేచి, మీదున్న నీటినంతా తోసింది. ఈ వివరణలో తీరంలో ఉన్నవాళ్ళ నడవడికకు చోటు లేదు. అందుకే అది బాధితుల మీద నింద మోపదు.

నింద వెతికే అలవాటు పాతదే. భూమి కింద పెద్ద జెల్లచేప ఉంటుందనీ, కషిమా దేవుడు దాన్ని రాతితో అదిమి పట్టి ఉంచుతాడనీ, ఆయన ఏమరిస్తే అది కదిలి భూకంపం వస్తుందనీ జపాన్‌లో నమ్మేవారు. 1855లో ఎడో (నేటి టోక్యో) నగరం భూకంపానికి కూలినప్పుడు ఈ చేప బొమ్మలు విపరీతంగా అమ్ముడుపోయాయి. 1923 సెప్టెంబర్ 1న టోక్యో, యోకొహామాలను భూకంపం, మంటలు కలిసి నేలమట్టం చేసి లక్ష మందికి పైగా ప్రాణాలు తీశాయి. అప్పుడు పెద్ద పారిశ్రామికవేత్త ఎయిచి షిబుసావా ఇది జాతికి పడిన దైవదండన అన్నారు. రచయిత ర్యూనొసుకే అకుతగావా ఆ మాట నమ్మవద్దని అప్పుడే రాశారు. ఆ రోజుల్లోనే కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారు లేచింది. గుంపులు కట్టిన పౌరులు, పోలీసులు, సైనికులు కలిసి వేలమంది కొరియన్లను చంపేశారు. ఎవరి వల్ల ఇలా అయిందన్న ప్రశ్న పైనున్న దేవుడి దగ్గరే ఆగదు. పక్క వీధిలో ఉన్న బలహీనుడి మీదికి దిగుతుంది.

మన దేశంలోనూ ఈ వాదం జరిగింది, అదీ ఇద్దరు మహామహుల మధ్య. 1934 జనవరి 15న బీహార్‌లో భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అని గాంధీజీ అన్నారు. అంటరానితనం మీద పోరాటంలో రవీంద్రనాథ్ టాగోర్ గాంధీజీ పక్షమే. అయినా ఈ మాటను ఆయన ఒప్పుకోలేదు. ప్రకృతి విపత్తుకు మూలం భౌతిక కారణాల్లోనే ఉంటుందని బాహాటంగా రాశారు. పైగా ఇలాంటి వాదన గాంధీజీ కంటే ఆయన ప్రత్యర్థులకే బాగా ఉపయోగపడుతుందని హెచ్చరించారు. గాంధీజీ ఆ విమర్శను తన హరిజన్ పత్రికలో చర్చకు పెట్టి తన నమ్మకాన్ని సమర్థించుకున్నారు. అంటరానితనం పోవాలన్న ఆశయం ఎంత గొప్పదైనా, బీహార్‌లోని ముంగేర్‌లో ఇల్లు కూలి చనిపోయిన మనిషి దానికి సాక్ష్యం కాదు. టాగోర్ పట్టుబట్టింది అందుకే.

2011లో జ్యోతిషం కూడా ముందుకొచ్చింది. మార్చి 19న చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వచ్చే పున్నమి. ఆ 'సూపర్ మూన్' ప్రభావమే భూకంపమని ప్రపంచమంతా ప్రచారం సాగింది. పంచాంగం తెరిచి చూస్తే చాలు, ఇది నిలవదు. ఆ నెలలో చంద్రుడు భూమికి అన్నింటికంటే దూరంగా ఉన్నది మార్చి 6న. భూకంపం వచ్చిన మర్నాడు శుక్లపక్ష అష్టమి ప్రాంతం, అంటే సగం చంద్రుడు. అమావాస్య, పున్నమిలకు పెరిగే ఆటుపోట్ల బలం ఆ రోజుల్లో తక్కువ. చంద్రుడు నిజంగా దగ్గరికి వచ్చిన మార్చి 19న ప్రపంచం ఎక్కడా మునగలేదు.

ఇక అణుభయం. దానితో వచ్చిన గందరగోళంలో ఉప్పు కథను కాస్త దగ్గరగా చూడాలి. అయోడిన్ ఉన్న ఉప్పు తింటే రేడియేషన్ సోకదనీ, సముద్రం కలుషితమై ఇక మంచి ఉప్పే దొరకదనీ మార్చి మూడో వారంలో చైనాలో పుకారు పుట్టింది. తూర్పు తీరపు నగరాల్లో దుకాణాల అరలు గంటల్లో ఖాళీ అయ్యాయి. లెక్క చూద్దాం. థైరాయిడ్ గ్రంథిని రేడియోధార్మిక అయోడిన్ నుంచి కాపాడటానికి పెద్దలకు ఇచ్చే పొటాషియం అయోడైడ్ మాత్రలో సుమారు 100 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. కిలో ఉప్పులో ఉండేది ఇరవై, ముప్పై మిల్లీగ్రాములు. అంటే ఒక్క మాత్రకు సమానం కావాలంటే మూడు నుంచి ఐదు కిలోల ఉప్పు తినాలి. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పైగా ఆ మాత్ర అవసరమయ్యేంత రేడియేషన్ చైనాకు చేరనే లేదు. కొద్ది రోజులకే జనం కొన్న ఉప్పు వాపసు ఇవ్వడానికి దుకాణాల ముందు నిలబడ్డారు.

ఫిలిప్పీన్స్‌లో బీబీసీ పేరు పెట్టి ఒక ఎస్ఎంఎస్ ఊరూరా తిరిగింది. వాన పడితే బయటికి రావద్దని, మెడకు బీటాడిన్ రాసుకోమని దాని సారాంశం. అది అబద్ధమని తేలేలోపే ఒక విశ్వవిద్యాలయం తరగతులు ఆపేసింది. గాయానికి పూసే మందు చర్మం మీద రాసుకుంటే అణుధూళి నుంచి కాపాడదు. తాగితే ప్రమాదం.

వీటన్నింటికంటే క్రూరమైనది ఫుకుషిమావాళ్ళను దూరం పెట్టడం. ఇల్లూ వాకిలీ వదిలి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళను, రేడియేషన్ లేదన్న ధ్రువపత్రం ఉంటేనే లోపలికి రానిస్తామన్న శిబిరాలున్నాయి. యోకొహామాకు తరలివెళ్ళిన ఒక కుర్రవాణ్ణి తోటి పిల్లలు 'క్రిమి' అని పిలిచి, కొట్టి, నష్టపరిహారం వచ్చింది కదా అంటూ డబ్బు గుంజారు. 2016లో ఆ సంగతి బయటపడింది. చావాలని చాలాసార్లు అనుకున్నాననీ, భూకంపంలో అంతమంది చనిపోయారు కాబట్టి బతకాలని నిర్ణయించుకున్నాననీ ఆ పిల్లవాడు రాసుకున్నాడు. ఇది మనకు తెలియని వ్యవహారం కాదు. మైల, అంటు అనే పేర్లతో మనుషుల్ని గడప బయట నిలబెట్టిన బుద్ధే, రేడియేషన్ అన్న కొత్త పేరుతో అక్కడ పని చేసింది. ఒంటి మీద పడిన అణుధూళిని స్నానంతో, బట్టలు మార్చడంతో తొలగించవచ్చు. మిగిలిందో లేదో గైగర్ కౌంటర్ కొలిచి చెబుతుంది. ఊరి పేరు విని తలుపు వేసుకోవడానికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు.

అయితే భయపడ్డ జనాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. మార్చి 23న టోక్యో కుళాయి నీటిలో రేడియోధార్మిక అయోడిన్ పసిపిల్లల పరిమితికి రెట్టింపు పైగా కనిపించినట్టు వెల్లడైంది. తల్లులు సీసా నీళ్ళ కోసం పరుగెత్తడం మూఢత్వం కాదు. అణుధూళి ఏ దిక్కుకు వీస్తోందో అంచనా వేసే స్పీడి అనే వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది. దాని వివరాలు సకాలంలో ప్రజలకు చెప్పలేదు. నామియే పట్టణం జనం వాయవ్యంగా ఉన్న త్సుషిమాకు వెళ్ళి కొన్ని రోజులు తలదాచుకున్నారు. ధూళి మేఘం వెళ్ళింది కూడా అటే. కొలతలు దాచిపెట్టిన చోట పుకారుకు గిరాకీ పుడుతుంది. ఆ నేరం పాలకులది.

అసలు ఫుకుషిమా ప్రమాదానికే ఒక నమ్మకం కారణం. జపాన్ అణు కేంద్రాల్లో పెద్ద ప్రమాదం జరగదన్న నమ్మకం. దాన్ని పెంచిపోషించింది పూజారులు కాదు, ఇంజనీర్లు, అధికారులు, కంపెనీ పెద్దలు. సెందాయ్ మైదానంలో తీరానికి కిలోమీటర్ల దూరంలో దొరికిన ఇసుక పొరలు క్రీ.శ. 869 నాటి జోగన్ సునామీ ఎంత లోపలికి వచ్చిందో చూపించాయి. 2009లో భూగర్భ శాస్త్రవేత్త యుకినొబు ఒకామురా ప్రభుత్వ సమీక్ష సంఘంలోనే దీన్ని లేవనెత్తారు. అంతకు ముందే 2008లో, ఫుకుషిమా కేంద్రాన్ని నడిపే టెప్కో కంపెనీ సొంత లెక్క 15.7 మీటర్ల అల రావచ్చని తేల్చింది. కేంద్రం తట్టుకోవడానికి సిద్ధం చేసుకున్నది 5.7 మీటర్లకే. ఆ లెక్క మీద చర్య తీసుకోలేదు. అత్యవసర డీజిల్ జనరేటర్లలో ఎక్కువ భాగం భవనాల నేలమాళిగల్లోనే ఉండిపోయాయి. 14, 15 మీటర్ల అల వచ్చింది, కరెంటు పోయింది, చల్లబరిచే నీరు ఆగింది, మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. ఇది మనుషులు చేసిన విపత్తు అని 2012లో జపాన్ పార్లమెంటు నియమించిన విచారణ సంఘం తేల్చి చెప్పింది.

అదే తీరంలో, భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా, ఒనగావా అణు కేంద్రం ఉంది. యనొసుకే హిరాయి అనే ఇంజనీరు జోగన్ సునామీని గుర్తు చేసి, ఎత్తైన చోటే కట్టాలని పట్టుబట్టారు. సముద్ర మట్టానికి 14.8 మీటర్ల ఎత్తున కట్టారు. సుమారు 13 మీటర్ల అల వచ్చింది. ఒనగావా నిలబడింది. ఇల్లు పోయిన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ కేంద్రం ఆవరణలోనే ఆశ్రయం పొందారు.

ఆ తీరంలోనే ఫుదాయి అనే చిన్న ఊరి సర్పంచ్ లాంటి మేయర్ కొతొకు వామురా 1933 సునామీ శవాలను కళ్ళారా చూసినవాడు. 15.5 మీటర్ల ఎత్తు వరదగేటు కట్టిస్తానంటే డబ్బు దండగని కొందరు గొడవ చేశారు. ఆయన వినలేదు. 1984లో అది పూర్తయింది. 2011లో ఊరు దక్కింది. ఆయన 1997లోనే చనిపోయారు. బతికిన జనం ఆయన సమాధి దగ్గరికి వెళ్ళి దండం పెట్టుకున్నారు. మియాకో నగరంలోని అనెయోషి పల్లెలో కొండ వాలు మీద ఒక రాయి ఉంది. 1933 సునామీ తర్వాత పాతింది. ఈ చోటికి కింద ఇల్లు కట్టవద్దని దాని మీద చెక్కారు. 1896 సునామీలో, మళ్ళీ 1933లో ఆ పల్లెలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. పల్లెవాళ్ళు రాయి మాట విన్నారు. 2011లో అల దాదాపు నలభై మీటర్ల ఎత్తుకు ఎగబాకి, రాయికి కొద్ది దిగువన ఆగింది. పైనున్న ఇళ్ళకు నీరు తగలలేదు. ఆ రాయి దేవుడు కాదు, ఎవరూ మొక్కలేదు. అది నీరు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే కొలత.

కమైషి నగరంలో ప్రొఫెసర్ తొషితాకా కతాదా బడిపిల్లలకు ముందే నేర్పిన మాట ఏమిటంటే, అధికారులిచ్చిన ముంపు పటాన్ని కూడా గుడ్డిగా నమ్మవద్దని. 2011లో సునామీ వచ్చిన రోజు ఇవాతే తీరానికి వచ్చిన మొదటి హెచ్చరిక మూడు మీటర్ల అల అనే చెప్పింది. కమైషిలోని ఉనొసుమాయి ప్రాంతపు బడిపిల్లలు దాన్ని పట్టుకుని కూర్చోలేదు. ముందు అనుకున్న చోటికి పరుగెత్తారు, అక్కడ పక్కన కొండ చరియ విరుగుతుండటం చూసి ఇంకా పైకి పరుగెత్తారు. మొదట ఆగిన చోటు మునిగిపోయింది. నగరంలో దాదాపు మూడువేల మంది విద్యార్థుల్లో ఇంచుమించు అందరూ బతికారు.

చనిపోయినవాళ్ళకు కర్మ చేసుకోవడం, దీపం పెట్టడం, సముద్రం వైపు తిరిగి ఏడవడం హేతువాదానికి అభ్యంతరం కాదు. దుఃఖానికి ఓదార్పు కావాలి. అభ్యంతరమల్లా ఆ దుఃఖాన్ని నేరంగా చూపించడం మీద.

తెలుగు తీరానికి ఈ సంగతి దూరం కాదు. ఏ విపత్తు వచ్చినా 'బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు' అనే మాట మన దగ్గర వినిపిస్తుంది. జరిగిన తర్వాత గుర్తుకొచ్చే జోస్యం ఒక్క పడవను కూడా ఒడ్డుకు చేర్చలేదు. 2004 డిసెంబర్ 26 పౌర్ణమి. బందరు దగ్గర మంగినపూడిలో సముద్రస్నానానికి వెళ్ళిన భక్తులు కూడా సునామీకి బలయ్యారు. రాష్ట్రంలో వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళ భక్తిలో లోపం లేదు. అప్పట్లో హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ లేదు, అదే లోపం. 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఆ పని చేస్తోంది. హెచ్చరిక కేంద్రం ఉంది కాబట్టి ఇక అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ హెచ్చరిక మీ ఊరి మత్స్యకారుల పేటకు ఎన్ని నిమిషాల్లో చేరుతుంది? ఎత్తైన చోటికి దారి ఏది? చివరి డ్రిల్లు ఎప్పుడు జరిగింది? శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు కేంద్రం కట్టాలంటున్నారు కదా, ఏ ఎత్తు అలను లెక్కలోకి తీసుకున్నారు, జనరేటర్లు ఎక్కడ పెడతారు, ఆ కాగితాలు జనానికి చూపిస్తారా? తీరంలో ఉన్న ప్రతి పంచాయతీ ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలి, జవాబు వచ్చేదాకా వదలకూడదు. భూమి చాలాసేపు ఊగినా, సముద్రం హఠాత్తుగా వెనక్కి తగ్గినా, హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా పిల్లల్ని తీసుకుని ఎత్తుకు పరుగెత్తండి.