గోడ లోపలి గుట్టు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ ఇంకొకరు కట్టుకున్న ఇల్లు కొనుక్కుని ఉండరు. కొని ఉంటే సామెతకు మూడో ముక్క కూడా తగిలించేవారు!

కిందటేడు కార్తీకమాసంలో మేం గోదావరిఖనిలో ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. మావారు సింగరేణిలో ఫిట్టరు. పద్నాలుగేళ్లు యైటింక్లయిన్ కాలనీలో కంపెనీ క్వార్టర్లో కాపురం చేశాం. క్వార్టరు ఎంత బాగున్నా డ్యూటీ ఉన్నన్నాళ్లే కదా మనది! 2021లో రిటైర్మెంటు వయసు 61 ఏళ్లకు పెంచారు గానీ, ఎప్పుడు దిగిపోయినా తాళంచెవి అప్పగించి రావలసిందే. చేతిలో నాలుగు డబ్బులు ఉన్నప్పుడే ఒక గూడు చూసుకుందామని ఈ ఇల్లు కొన్నాం.

అమ్మినాయన కూడా బాయిలో చేసి దిగిపోయిన పెద్దమనిషే. సొంతూళ్లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోతూ మాకు గదిగదీ తిప్పి చూపించాడు. “మేస్త్రీని పిలిచింది లేదు, కరెంటాయన్ని పిలిచింది లేదు. అన్నీ నా చేతుల్తోనే చేసుకున్న బిడ్డా!” అని మురిసిపోయాడు. మేం కూడా ఆహా ఓహో అన్నాం. ఆ మాట మెచ్చుకోవలసినదో భయపడవలసినదో అప్పుడు తెలియలేదు మరి.

మా దగ్గర ఇది కొత్తేమీ కాదు. రామగుండం ప్రాంతంలో 1960 దశకంలో బాయిలు మొదలైనప్పుడు ఎక్కడెక్కడి పల్లెల నుంచో జనం పనికి వచ్చారు. డ్యూటీ దిగి వచ్చి, ఆదివారాలు కలుపుకుని, ఒక్కో గోడా లేపుకున్నవాళ్లు ఎందరో. బాయిలో పంపులు, పైపులు, బోల్టులతో కుస్తీపట్టే చేతులకు ఇంటి నల్లా ఒక లెక్కా! కూలి డబ్బులు మిగులుతాయి, చెప్పుకోవడానికి గొప్పగానూ ఉంటుంది.

సరే, పాలు పొంగించి చేరిపోయాం. మొదటి వారమే వింతలు మొదలయ్యాయి. వంటింట్లో స్విచ్చి వేస్తే హాల్లో ఫ్యాను తిరిగింది. సింకు కింద పైపు అతుకు విప్పితే లోపల పాత చీర పేలిక చుట్టి, దానిమీద ఎంసీల్ మెత్తి ఉంది. దేవుడి క్యాలెండరు తీస్తే దాని వెనక పిడికిలంత కన్నం! తలుపు సరిగా పడటం లేదని చూస్తే చౌకట్టుకూ గోడకూ మధ్య న్యూస్‌పేపర్లు కుక్కి పైన సున్నం కొట్టారు. వెనక రేకుల వంటింటికి బోల్టుల దగ్గర తారు పూసి, సైకిల్ ట్యూబు ముక్కలు అతికించారు. మా రామగుండం ఎండలు తెలుసుగా, 45 డిగ్రీలు దాటతాయి. ఆ ఎండకి రబ్బరు పెళుసై చిట్లిపోయింది. తర్వాత వానాకాలంలో పొయ్యి పక్కనే చినుకులు!

వీటికి నవ్వుకున్నాం. మావారు ఒక కర్ర పట్టుకుని గోడలన్నీ తట్టుకుంటూ తిరిగారు. బాయిలో పైకప్పును అలాగే తట్టి చూస్తారట. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, లోపల వదులుగా ఉంటే డబ్బుమని బోలుగా మోగుతుంది. మా బాత్రూం గోడ సగం డబ్‌డబ్‌మంది. “ప్లాస్టరింగు ఊడింది, ఎండలు రాకముందే చేయిద్దాం” అన్నారు. నేనూ సరే అన్నాను.

నవ్వు ఆగిపోయిన సంగతి ఇప్పుడు చెబుతాను.

పుష్యమాసం చలి. మా అమ్మాయి స్నానానికి వెళ్లి, “అమ్మా, నల్లా పట్టుకుంటే చేతికి చీమలు పాకినట్టు అయితాంది” అంది. చలికి స్నానం ఎగ్గొట్టే వేషాలు అనుకుని కేకలేశాను. మర్నాడూ అదే మాట. “తడి చేతికి అట్లనే ఉంటది, తొందరగా కానీ, బస్సు పోతది” అన్నాను. మూడోరోజు నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ స్టీలు నల్లా తిప్పాను. మోచేతి దాకా జిల్లుమంది! అప్పుడు అమ్మాయి బాత్రూంలోనే ఉంది, గీజరు వేసే ఉంది. చేతిలో గిన్నె వదిలేసి పరిగెత్తి మెయిను ఆపేశాను. అమ్మాయి ఒళ్లంతా సబ్బుతో బయటికొచ్చి “ఏమైందే?” అంటే నాకు నోట మాట రాలేదు.

ఐటీఐ చదివిన మా వీధి కుర్రాణ్ణి పిలిపించాం. బాత్రూం గోడ తవ్వితే అసలు సంగతి బయటపడింది. గీజరు ఎర్తు వైరు, అదేనండీ పచ్చరంగుది, బోర్డులోకి వెళ్లలేదు. గోడలో నల్లా పైపుకు చుట్టి పైన సిమెంటు పూసేశారు.

“ఇదివరకు చాలామంది ఇట్లనే చేసేటోళ్లక్కా” అన్నాడు ఆ అబ్బాయి. “అప్పుడు పైపంతా ఇనుపది. సక్కగ భూమిలకు పోయేది. కరెంటు లీకైతే ఎంతోకొంత భూమిలకే పోయేది. అట్ల చెయ్యొద్దు, కానీ ఏదో నడిచింది. తర్వాత కింది పైపు తుప్పు పట్టిందని తీసేసి పీవీసీ వేసిండ్రు. ప్లాస్టిక్ల కరెంటు పోదుగా! ఎర్తు తెగిపోయినట్టే. గీజర్ల లీకైన కరెంటు ఎటూ పోలేక ఇంట్ల ఉన్న ఇనుప పైపుకు, నల్లాలకు ఎక్కింది.”

అంటే చూడండి, ఆ పెద్దాయన ఒకనాడు ఒక పని చేశాడు, ఇంకోనాడు మరో పని చేశాడు. మొదటిది సున్నం కింద ఉండిపోయింది. రెండోది చేసేనాటికి మొదటిది ఆయనకే గుర్తులేదు.

అంతటితో అయిందా? రెండువేల వాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుందట. దానికి బల్బుకు వేసే సన్న వైరు వేశారు. పైన ఉన్న రబ్బరు పొర మాడి నల్లబడిపోయింది. దాన్ని పట్టుకుని చూసిన ఆ రాత్రి నాకు కునుకు పడితే ఒట్టు. నా బిడ్డ మూడురోజులు చెప్పింది. నేను మూడురోజులూ కసిరాను.

పొద్దున్నే పెద్దాయనకు ఫోను చేసి నాలుగు మాటలు కడిగేద్దామని కూర్చున్నాను. మావారు నైట్‌షిఫ్ట్ నుంచి వచ్చి చాయ్ తాగుతూ నెమ్మదిగా అన్నారు: “ఆయన్ని తిట్టేముందు, మనం క్వార్టర్ల ఏం చేసొచ్చినమో యాదికి తెచ్చుకో.”

గుర్తొచ్చింది. గుండె జారిపోయింది.

క్వార్టర్లో ఉన్న రోజుల్లో మా వంటంతా కరెంటు హీటరు మీదే. చాలా ఇళ్లల్లో అంతే. హీటరు, కూలరు, ఇస్త్రీపెట్టె ఒక్కసారే నడిస్తే టప్పున ఫ్యూజు పోయేది. ఒక ఆదివారం చుట్టాలొచ్చారు. కోడికూర సగం ఉడికింది, ఫ్యూజు మూడోసారి పోయింది. “ఏదో ఒకటి చెయ్యండి, మళ్లీ పోకుండ చెయ్యండి!” అని అరిచింది నేనే. మావారు ఫ్యూజు వైరు తీసేసి లావుపాటి రాగితీగ చుట్టేశారు. నిజంగానే మళ్లీ పోలేదు. నేను సంబరపడ్డాను. ఫ్యూజు కాలిపోవడం దాని తప్పు కాదు, దాని పనే అది. తాను కాలి ఇంటిని కాపాడుతుంది. కాపలావాడి కాళ్లూ చేతులూ కట్టేసి హాయిగా కూర వండుకున్నాం మేం!

బాయిలో మావారు ఇలా చేస్తారా? చెయ్యనివ్వరు. అక్కడ మీథేను గ్యాసు భయం ఉంటుంది. అందుకే నిప్పురవ్వ బయటికి రాని ఫ్లేమ్‌ప్రూఫ్ సామాను వాడతారు. ప్రతి ఏడూ రక్షణ పక్షోత్సవాలు జరుపుతారు, ప్రతిజ్ఞ చేస్తారు. ఆ మనిషే ఇంటికొచ్చేసరికి “ఏం కాదు తియ్” అంటారు. ఆ మాట అనిపించేది చాలాసార్లు మనమే, వంట ఆగకూడదు కదా!

ఆ సాయంత్రమే ఇద్దరం పాత క్వార్టరుకు వెళ్లాం. కొత్తగా చేరినామె పాతికేళ్ల పిల్ల, చంకలో ఏడాది బాబు. వచ్చిన పని ఎలా చెప్పాలో తెలియక చాయ్ గ్లాసు పట్టుకుని నీళ్లు నములుతున్నాను. ఆమే అంది: “అక్కా, మీరు ఇక్కడ ఉన్నోళ్లే గదా. మెయిను బోర్డు దగ్గర అప్పుడప్పుడు కాలిన వాసన వస్తది. మీకూ వచ్చేదా?”

ఆ బోర్డు కిందే బాబు ఉయ్యాల కట్టి ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. దాచకుండా మొత్తం చెప్పేశాం. మావారే ముందు మెయిను ఆపించి, ఉయ్యాల అక్కణ్ణించి తీయించి, ఎలక్ట్రీషియన్ను పిలుచుకొచ్చారు. ఆయన రాగితీగ తీసి, మాడిన హోల్డరు మార్చి, సరైన ఫ్యూజు వైరు వేశాక గానీ మేం కదల్లేదు. ఆ పిల్ల తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. “చెప్పిండ్రు, అదే చాలక్కా” అంది. తిట్టి ఉంటేనే నయంగా ఉండేదనిపించింది నాకు.

ఇంటికొచ్చి పెద్దాయనకు ఫోను చేశాను. కడిగేయడానికి కాదు. “కాకా, నల్లా పైపుకు ఎర్తు కట్టిండ్రు, కింద పైపు మారినంక అది పనిచేస్తలేదు. మా పిల్లకు షాకు కొట్టింది” అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత చిన్న గొంతుతో అన్నాడు: “బిడ్డకు ఏం కాలేదు గదా? ఇక్కడ ఊళ్లె కట్టిన ఇంట్ల గూడ పైపుకే కట్టిన బిడ్డా. మా మనవళ్లు ఇక్కడనే ఉంటరు. రేపే తీపిస్త.”

కోపంతో ఫోను చేసి ఉంటే ఆ మాట ఆయన నోటివెంట వచ్చేదా?

పాత ఇంట్లో చేరే అక్కయ్యలు, చెల్లెళ్లు, సున్నాలు వేయించేముందు ఈ నాలుగు సంగతులు చూసుకోండి:

ఎర్తు ముందు. తెలిసినవాడి చేత ఎర్తు ఉందో లేదో పరీక్ష చేయించండి. మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. ఎర్తు గుంటలో ఎండాకాలం నీళ్లు పోస్తూ ఉండాలి, ఎండిన మట్టి కరెంటును సరిగా తీసుకోదు.

గీజరుకు పెద్ద సాకెట్టు, 16 ఆంపియర్లది. తగినంత లావు రాగివైరు విడిగా రావాలి. టీవీ సాకెట్టులోంచి తీసుకోవద్దు.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. కరెంటు కాస్త పక్కదారి పట్టినా అది టక్కున ఆపేస్తుంది. దానిమీద టెస్ట్ అని బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి, పడిపోతే బాగున్నట్టు. మేం అమావాస్య రోజున నొక్కుతున్నాం, మరిచిపోకుండా.

పిల్లలు జిల్లుమంటోందంటే ముందు మెయిను ఆపండి, తర్వాత అడగండి. ఇది మాత్రం నేను చెంపలు వేసుకుని చెబుతున్న మాట.

ఇంకొక్కటి. మేం ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొన్నాం. ఏ గోడలో ఏ వైరు ఎటు పోయింది, ఏ పైపు ఎప్పుడు మార్చాం, ఏది తాత్కాలికంగా అతికించాం, అన్నీ తేదీ వేసి రాస్తున్నాం. బొమ్మలు మా అమ్మాయి గీస్తోంది. మొదటి పేజీలో “నల్లా పైపుకు ఎర్తు కట్టరాదు” అని ఎర్ర ఇంకుతో రాసింది! రేపు ఈ ఇల్లు పిల్లలకే వస్తుందో, అమ్ముకునే పరిస్థితే వస్తుందో తెలియదు. ఎవరొచ్చినా తాళంచెవితోపాటు ఆ పుస్తకం కూడా చేతిలో పెడతాం.

మరి మీరు వదిలొచ్చిన ఇంట్లో ఏముంది? ఒకసారి గుర్తు చేసుకోండి. అవసరమైతే పోయి చెప్పి రండి. చాయ్ ఇస్తారు, ఏమీ అనరు.