మూసిన రైలుమార్గములు

రైలుమార్గమును మూయుటకు ఒక ఉత్తరువు చాలును. మూసినదానిని మఱల తెఱచుటకు ఒక తరము పట్టును. ఎక్కువారు లేరని మూసిన మార్గమును తెఱవగా కూర్చుండుటకు చోటు చాలనంత జనము వచ్చినచో, తప్పెవరిది? స్కాట్లండు దక్షిణసీమ వృత్తాంతము ఇందుకు సమాధానము చెప్పుచున్నది.

ఎడింబరోనుండి హావిక్ మీదుగా కార్లైలునకు బోవు మార్గమును 1969 జనవరిలో మూసివేసిరి. నష్టము దెచ్చు మార్గములను తొలగింపవలెనని 1963లో డాక్టరు బీచింగు సమర్పించిన నివేదికయే దీనికి మూలము. 1968 డిసెంబరులో ప్రజలు వేలకొలది సంతకములతో మహజరును ప్రధానమంత్రి నివాసమునకు గొనిపోయిరి. ఆలకించినవారు లేరైరి. పట్టాలను ఊడదీసిరి. 46 సంవత్సరములు ఆ సీమ రైలుకూత నెఱుగదు.

2015 సెప్టెంబరు 6వ తేదీన ఎడింబరోనుండి ట్వీడ్‌బ్యాంకువఱకు సుమారు 30 మైళ్లు మఱల తెఱచిరి. మొదటి సంవత్సరమున దాదాపు 6½ లక్షల ప్రయాణములు జరుగునని నిపుణుల అంచనా. తొలి 6 నెలలలోనే 7 లక్షలకు సమీపించెను. అందులో విశేషమేమన, నగరమునకు చేరువనున్న కొన్ని స్టేషనులలో జనము అంచనాకన్న తగ్గిరి; దూరమున నున్న ట్వీడ్‌బ్యాంకులో మాత్రము ఆ 6 నెలలకు 19,000 మంది యనుకొనగా 1,83,000 మందికి పైగా వచ్చిరి.

లెక్క ఇంతగా తప్పుటకు కారణమేమి? లేని బండికి ప్రయాణీకులు లెక్కకు రారు. బండి వచ్చిన పిదప గాని పనికై, చదువుకై, వైద్యమునకై, బంధుదర్శనమునకై బయలుదేరగలవా రెందఱో తెలియదు. ఉన్న రాకపోకలను మాత్రమే కొలిచిన పద్దులకు ఈ సంగతి అందదు.

టిక్కెట్ల రాబడి వ్యయమునకు చాలదని కొంద ఱాక్షేపింతురు. నిర్మాణమునకే 29 కోట్ల పౌండ్లకు పైగా వ్యయమైన మాట నిజమే. కాని రహదారిని ఎవరైన టిక్కెట్ల లాభముతో కొలుచుచున్నారా? రైలునకు మాత్రము వేఱు ధర్మమేల? జనము రారను సందేహము వేఱొక కీడును చేసినది. వ్యయము తగ్గింపనెంచి చాలవఱకు సింగిలు లైనునే వేసిరి. కొన్ని వంతెనలను దానికి సరిపోవునట్లే కట్టిరి. నేడు బండ్లను హెచ్చింపవలెనన్న ఆ పొదుపే అడ్డు నిలుచుచున్నది.

హావిక్ పట్టణమునకు నేటికిని రైలు లేదు. ట్వీడ్‌బ్యాంకు ఇచ్చిన సాక్ష్యము తరువాతను ఆ ప్రజలను అంచనాలతో నిరీక్షింపజేయుట న్యాయము కాదు. మార్గమును కార్లైలువఱకు పొడిగింపవలెను. ఏ దేశపు ప్రభుత్వమైనను బండిని ఆపదలచినచో ఆపుగాక. మార్గపు భూమిని మాత్రము అన్యాక్రాంతము చేయరాదు. నేటి పద్దు రేపటి ప్రజల అవసరమును నిర్ణయింపజాలదు.