కారణము చెప్పు చట్టము, కారణము దాచు చట్టము



గడచిన మామిడి కాలమున ఒకనాటి సాయంకాలము మన సంఘ కార్యాలయపు అరుగుమీద కొందరు సభ్యులు కూర్చుండి, పరదేశములకు పండ్లు పంపుటను గూర్చి ముచ్చటించుకొనుచుండిరి. వారిలో వయసున పెద్దవారైన యొకరు నన్ను జూచి, "డిమాన్‌స్ట్రేటరు గారూ, మన పండు తినుటకు వారికి నోరూరును. ఆ పండు వారి రేవులో దిగుటకు మాత్రము నూరు కాగితములు కావలెనందురు. ఇది మనలను రానీయకుండుటకు పన్నిన పన్నాగము గాక మరేమి?" అని యడిగిరి. తక్కినవారును తల లూపిరి. నాడు నాకు తోచిన సమాధానములో సగమే చెప్పగలిగితిని. మిగిలిన సగమును ఈ పత్రికాముఖమున మనవి చేయుచున్నాను.

పరదేశమున వర్తకము చేయబోవు వానికి చట్టములవలన కలుగు ఆటంకములు రెండు విధములు. కారణము చెప్పి నిలుపునది మొదటిది. కారణము చెప్పక నిలుపునది రెండవది. బయటకు రెండును ఒకటిగనే కనబడును. రెండింటికిని కాగితము, ముద్ర, బల్లవెనుక కూర్చున్న ఉద్యోగి ఉందురు. కాని మొదటిది కాలువకు కట్టిన తూమువంటిది, రెండవది అడ్డముగా పెట్టిన గోడవంటిది. తూమునకు కొలత యుండును, గోడకు కొలతతో పనిలేదు.

నేను మిషను పాఠశాలలో చదువుకొను దినములలో మాకిరువురు ఉపాధ్యాయు లుండిరి. ఒకరు తప్పుచేసిన చోట ఎఱ్ఱసిరాతో గీతగీసి, ప్రక్కనే సరియైన జవాబు వ్రాసి యిచ్చెడివారు. మరియొకరు కాగితమంతటి మీదను అడ్డముగా నొక గీతగీసి పారవేసెడివారు. మొదటివారు ఎంత కఠినులైనను మరుసటి పరీక్షకు మేము బాగుపడితిమి. రెండవవారి వద్ద నేర్చుకొనినది భయము మాత్రమే. చట్టములను చూచునపుడెల్ల నాకు ఈ ఇరువురును జ్ఞప్తికి వత్తురు.

ముందుగా మామిడి సంగతి. 2014 మే 1వ తేదీనుండి ఐరోపా సమాఖ్యవారు మన దేశపు మామిడిపండ్లను, వంకాయ, కాకర, పొట్ల, చేమలను తమ దేశములలోనికి రానీయమని నిషేధించిరి. మన రైతులకును వర్తకులకును అది గొప్ప దెబ్బ. అయినను వారు కారణము చెప్పిరి. అంతకుముందటి సంవత్సరము, అనగా 2013లో, మన దేశమునుండి పోయిన పండ్లు కూరగాయల సరకులలో 207 పర్యాయములు పండు ఈగ మొదలైన పురుగులు పట్టుబడినవని లెక్క చూపిరి. ఆ పురుగు తమ తోటలలో ప్రవేశించిన నష్టమనిరి. మనవారు మూటకట్టు శాలలను, తనిఖీ పద్ధతులను చక్కబరచుకొనిరి. 2015 డిసెంబరు వరకు ఉండవలసిన ఆ నిషేధమును, మామిడి విషయమున, 2015 జనవరిలోనే తీసివేయుటకు వారు సమ్మతించిరి.

జపాను కథయు నట్టిదే. పండు ఈగకు భయపడి ఆ దేశమువారు సుమారు ఇరువది సంవత్సరములు మన మామిడిని రానీయలేదు. పిమ్మట, ఆవిరి వేడిచే పండులోని గుజ్జు 47.5 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరి 20 నిముషములు ఆ వేడిమిలో నుండినచో ఈగగ్రుడ్డు చచ్చును, పండు చెడదు అని రుజువైన మీదట 2006లో తలుపు తెరచిరి. అనుమతి పొందిన రకములలో మన బంగినపల్లియు నొకటి. ఇరువది యేండ్లు నిరీక్షించుట సుఖము కాదు. కాని డిగ్రీలు, నిముషములు వ్రాసియున్న నియమము ఎవరి ముఖమును చూడదు. ఆ కొలత నందుకొనిన పండు ఏ రైతుదైనను దిగును.

ఇక రెండవ విధమును చూపుటకు మన తెలుగువారు చెమటోడ్చిన నేలకే మిమ్ము తీసికొనిపోయెదను. అది దక్షిణాఫ్రికాలోని నేటాలు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి బయలుదేరి 342 మంది ఒడంబడిక కూలీలతో డర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది మన దేశమునుండి అచ్చటి చెరకుతోటలకు పోయిరి. వారిలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగు కుటుంబములు అనేకములు కలవు. ఐదేండ్ల ఒడంబడిక. తొలియేట నెలకు 10 షిల్లింగుల కూలి.

గడువు తీరినవారిలో పలువురు తిరిగి రాలేదు. వారు కాపులు, రైతుకూలీలు. భూమిని చూచిన చేయి ఊరకుండునా? డర్బను చుట్టునుగల నేలలను కౌలునకు తీసికొని, మొక్కజొన్న, కూరగాయలు పండించి, గంపల నెత్తుకొని వీధివీధి తిరిగి అమ్మిరి. 1885లో న్యాయమూర్తి వ్రాగ్ అధ్యక్షతను ఏర్పడిన విచారణ సంఘము, స్వతంత్రులైన భారతీయుల వలన ఆ దేశమునకు మేలే కలిగినదని తేల్చినది. వారి వెనుకనే గుజరాతు వర్తకులు తమ ఖర్చుతో వచ్చి దుకాణములు పెట్టిరి. తెల్లవర్తకులకంటె తక్కువ లాభమునకు అమ్ముటచే బీదజనులు వారి దుకాణములకే పోజొచ్చిరి. చిక్కు అచ్చటనే మొదలైనది.

1893లో నేటాలునకు స్వపరిపాలన వచ్చినది. 1895లో చేసిన చట్టముచే, అటుపిమ్మట ఒడంబడికపై వచ్చినవారు గడువు తీరినపిదప అచ్చటనే స్వతంత్రముగ నుండదలచినచో ఏటేట 3 పౌనుల పన్ను చెల్లింపవలెను. తొలియేటి కూలి లెక్కన అది ఆరు నెలల కూలి! ఇది చాలక 1897లో వర్తకుల లైసెన్సు చట్టము వచ్చినది. ఆ సంవత్సరపు చట్టములలో అది 18వది. అంతకుముందు జాతి పేరెత్తి చేసిన ఓటుహక్కు చట్టమునకు లండనులో ఆమోదము దొరకకపోవుటచే, ఈసారి వారు జాగ్రత్తపడిరి. ఈ చట్టములో భారతీయుడను మాట ఎచ్చటను లేదు. చదివినచో సాధువుగా కనబడును. పురపాలక సంఘము లైసెన్సు ఉద్యోగి నొకరిని నియమించును. లైసెన్సు ఇచ్చుట, మానుట ఆయన ఇష్టము. లెక్కలు ఇంగ్లీషులో ఉంచజాలనివానికి, దుకాణము పరిశుభ్రముగ లేనివానికి ఇయ్యరాదు. నిరాకరించినచో అప్పీలు పురపాలక సంఘమునకే. ఆపైన న్యాయస్థానమునకు పోవ వీలులేదు.

సోదరులారా, దీనిని నెమ్మదిగా ఆలోచింపుడు. తన చిట్టా ఆవర్జాలను స్వభాషలో వ్రాసుకొను వర్తకుడు జీతమిచ్చి ఇంగ్లీషు గుమాస్తాను పెట్టుకొనగలడు. దుకాణమునకు సున్నము వేయించి, నేల చదును చేయించి శుభ్రపరచగలడు. ఈ రెండును తూములు. కాని "ఉద్యోగి ఇష్టము" అను మూడవదానికి ఏమి చేయగలడు? లైసెన్సు ఏటేట కొత్తచేయించుకొనవలెను. దుకాణమునిండ సరకు, ఊరినిండ అప్పులు. సంవత్సరాంతమున ఒక్క "కూడదు" అను మాటతో అన్నియు మట్టిపాలు. ఆ ఉద్యోగి పురపాలక సంఘపు జీతగాడు. అప్పీలు విను సభ్యులలోనో అతని పోటీ వర్తకులే ఉండిరి.

1898లో డర్బనులో ఒక భారతీయుడు లైసెన్సు నడిగెను. ఉద్యోగి కాదనెను. ఏ కారణముచే కాదంటివని అడిగినను చెప్పలేదు. పురపాలక సంఘమును చెప్పలేదు. ఆయన ఉన్నత న్యాయస్థానమునకు పోగా, విచారించిన పద్ధతి సరికాదని న్యాయమూర్తులు ఆ తీర్పును కొట్టివేసిరి. సంఘమువారు మరల విచారించి, ఈసారి కారణము చెప్పిరి: అట్టి వర్తకము చేయువారు పట్టణములో ఇదివరకే చాలినంతమంది కలరట! లైసెన్సు మరల నిరాకరించిరి. న్యూకాసిల్ పట్టణపు వర్తకుల అభియోగము లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు పోయెను. చట్టమే అప్పీలును మాన్పినందున వినుటకు న్యాయస్థానమునకు అధికారము లేదని అచ్చటను తేలెను. అప్పటికి నేటాలులో న్యాయవాదిగా నుండి, 1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెసును నెలకొల్పిన గాంధీగారు 1898 డిసెంబరులో వలసమంత్రి చేంబర్లేనునకు మహజరు వ్రాసినది ఈ అన్యాయమును గూర్చియే. 1909లో పాత లైసెన్సులను కొత్తచేయ నిరాకరించినపుడు మాత్రము న్యాయస్థానమునకు పోవచ్చునని చట్టమును సవరించిరి. ఆ కొంచెము సాధించుటకు పండ్రెండేండ్లు పట్టినది. మూడు పౌనుల పన్ను 1914లో రద్దయినది. నివాస వర్తక స్థలములను జాతివారీగ విడదీసిన 1950 నాటి చట్టము 1991 వరకు నిలిచినది.

ఇప్పుడు అరుగుమీది పెద్దలకు నా జవాబు. పరదేశము తన పంటను, తన ప్రజల ఆరోగ్యమును కాపాడుకొనుటకు నియమము పెట్టుట పన్నాగము కాదు. మన ఊరి చేనిలోనికి చీడపట్టిన నారును మనము మాత్రము రానిత్తుమా? కాని ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. తూమైనను పేదరైతు దాటలేనంత ఎత్తున పెట్టినచో గోడయే గదా! ఆవిరి యంత్రము ఒక్క రైతు కొనగలిగినది కాదు. పరీక్షల ఖర్చు నాలుగెకరముల తోటవాడు భరింపలేడు. ఇది నిజము. సహకార సంఘమున్నది ఇందుకే. ఒక్కనికి గోడయైనది నూర్గురు కలసినపుడు తూమగును. మరియు స్వదేశపు వర్తకుల లాభము కొరకే పెట్టిన నియమము పురుగు పేరు చెప్పుకొని రావచ్చును. అందుచే ఏ దేశపు నియమమునైనను మూడు ప్రశ్నలడిగి పరీక్షింపవలెను. కొలత ముందుగా వ్రాసియున్నదా? కాదన్నపుడు కారణము కాగితముమీద ఇత్తురా? కాదన్నవాడు గాక వేరొకడు వినునా? మూడింటికిని "ఔను" అని వచ్చినచో మనము శ్రమపడి కొలత నందుకొనవలెను, తిట్టుట దండుగ. "కాదు" అని వచ్చినచో ఎంత శ్రమపడినను ఫలములేదు. అప్పుడు పోరాడవలసినది ఆ చట్టముతోనే. పరదేశములకు ఉద్యోగములకును వర్తకములకును పోవు మన బిడ్డలకును ఈ మూడు ప్రశ్నలను మూటగట్టి పంపుడు.

ఇక కడపటి మాట. చెప్పుటకు సంకోచముగ నున్నను చెప్పక తప్పదు. నేను తిరుగు ప్రాంతములో ఒక సహకార సంఘమునకు, పొరుగు జిల్లానుండి వచ్చి కౌలునకు సేద్యముచేయు ఒక రైతు అప్పు కొరకు దరఖాస్తు పెట్టుకొనెను. మొదట "రేపు రమ్ము" అనిరి. తరువాత "పై వారము చూతము" అనిరి. నాట్లు దాటిపోయినవి. కాదని ఎవరును అనలేదు, కారణము ఎవరును వ్రాయలేదు. ఆతడు హెచ్చు వడ్డీకి బయట అప్పుచేసెను. నేను ఆ దినమున అచ్చటనే కూర్చుండి యుంటిని. ఊరుకుంటిని. నేటాలు ఉద్యోగిని నిందించుటకు ఈ కలము పట్టినపుడు ఆ రైతు ముఖమే నా కన్నుల యెదుట నిలిచినది. పొరుగు జిల్లావాడు మనకు పరదేశి కాడు. అయినను ఆ బల్లముందు నిలిచినపుడు వాడు పరదేశియే.

కావున రాబోవు సర్వసభ్య సమావేశములో ఒక చిన్న తీర్మానమును ఆలోచింపవలెనని కోరుచున్నాను. సభ్యత్వమునకు గాని అప్పునకు గాని వచ్చిన ప్రతి దరఖాస్తునకును గడువు లోపల జవాబు ఇయ్యవలెను. కాదన్నచో కారణము పుస్తకములో వ్రాసి, దాని నకలు దరఖాస్తుదారునకు ఇయ్యవలెను. తొలి నిర్ణయములో చేరని ఇరువురు సభ్యులు అతని మొఱ వినవలెను. దీనికి ఖర్చు ఒక పుస్తకము, ఒక కలము. సరియైన కారణము కలిగినచో వ్రాయుటకు జంకు ఉండదు. వ్రాయ జంకు కలిగినచో అది కారణము కాదని మనకే తెలియును. పరదేశపు రేవులలో మన పండునకు ఏ న్యాయమును కోరుచున్నామో, మన అరుగుమీద నిలిచినవానికి ఆ న్యాయమును ముందుగ మనము చూపుదము.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు