నగల పెట్టెలో రివాల్వరు

2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఒక చిన్న రివాల్వరును విడుదల చేసింది. బరువు అర కిలో. తయారీ టైటానియం మిశ్రలోహంతో. బోరు పాయింట్ 32. ప్రకటించిన ధర 1,22,360 రూపాయలు. ముదురు ఎరుపు రంగు నగల పెట్టెలో అమర్చి అమ్మకానికి పెట్టిన ఈ ఆయుధానికి "నిర్భీక్" అని నామకరణం చేశారు. అంతకు పదమూడు నెలల క్రితం, 2012 డిసెంబరు 16వ తేదీ రాత్రి, దక్షిణ ఢిల్లీలోని మునీర్కా వద్ద బస్సెక్కి తిరిగి ఇల్లు చేరని విద్యార్థినికి పత్రికలు పెట్టిన పేరు "నిర్భయ". రెండు మాటలకూ అర్థం ఒక్కటే. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. స్త్రీల చేతిసంచిలో ఇమిడేటట్లు, వారి ఆత్మరక్షణ కోసమే దీన్ని రూపొందించామని కర్మాగారం అధికారులు ఆనాడు బాహాటంగానే చెప్పుకున్నారు.

పౌరులను కాపాడడం ప్రభుత్వ విధి. ఆ విధిలో ప్రభుత్వం విఫలమైంది. విఫలమైన ప్రభుత్వమే తాను కాపాడలేకపోయిన యువతి పేరును తలపించే పేరు పెట్టి, తన కర్మాగారంలో తయారైన సరుకును లక్షా ఇరవైరెండు వేలకు అమ్మజూపింది. కావలివాడు కాపలా మాని దుకాణం తెరిచాడన్నమాట. ఈ వైపరీత్యం ఆనాడు రెండు మూడు వారాలు చర్చకు వచ్చి మరుగునపడిపోయింది. కానీ ధోరణి మాత్రం మరుగునపడలేదు. పశ్చిమ బెంగాలులోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం పావు కిలో బరువుతో "నిడర్" అనే పాయింట్ 22 రివాల్వరును తెచ్చింది. ఈ పేరుకు కూడా అర్థం అదే, భయం లేనిదని. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విభజించిన తరువాత, వాటిలో ఒకటి 2023 ఆగస్టులో "ప్రబల్" అనే మరో రివాల్వరును విడుదల చేసింది. దాని గుండు యాభై మీటర్ల దూరం వరకు పనిచేస్తుందని ప్రచారం చేసింది. విపణిలో నిలబడవలసిన కంపెనీకి గిరాకీ కావాలి. రివాల్వరుకు గిరాకీ భయం నుంచి పుడుతుంది.

ఆయుధం సంగతి కొంత వివరంగా చూడడం అవసరం. చిన్న రివాల్వరు గనుక వాడడం సులభమని సామాన్యంగా అనుకుంటారు. వాస్తవం ఇందుకు విరుద్ధం. గొట్టం ఎంత పొట్టిదైతే గురి చూసే ముందు ముక్కుకూ వెనుక గాడికీ నడుమ దూరం అంత తగ్గిపోతుంది. చేయి రవ్వంత వణికినా గుండు జానెడు పక్కకు పోతుంది. బరువు ఎంత తగ్గితే పేలినప్పుడు అరచేతికి తగిలే ఎదురుదెబ్బ అంత హెచ్చుతుంది. పిడి చిన్నదైతే చిటికెన వేలికి చోటుండదు. సుత్తిని ముందుగా వెనక్కు లాగకుండా నేరుగా కాల్చాలంటే ట్రిగ్గరును చాలా దూరం, చాలా బలంతో నొక్కవలసి ఉంటుంది. ఆ నొక్కుడులోనే గురి తప్పుతుంది. పెద్ద తుపాకీతో కొత్తవాడు సాధించగలిగిన గురిని పొట్టి రివాల్వరుతో సాధించడానికి అభ్యాసం గలవాడు కూడా శ్రమపడాలి. అంటే, ఆయుధం చిన్నదయ్యే కొద్దీ శిక్షణ పెద్దది కావాలి. దుకాణంలో ఈ మాట చెప్పేవారుండరు. అరచేతిలో పెట్టి, ఎంత తేలికో చూడండి అంటారు.

ఇక దానిని దాచుకుని తిరగడం మరొక విద్య. చేతిసంచిలో దువ్వెన, తాళపుచెవులు, చిల్లర డబ్బుల నడుమ రివాల్వరును పడవేయడం ప్రమాదకరం. ట్రిగ్గరును పూర్తిగా కప్పే ఒర ఉండాలి. దాని కోసం విడిగా ఒక అర ఉండాలి. చీకట్లో, తత్తరపాటులో, సంచి జిప్పు తెరిచి, ఒరలోంచి తీసి, ఎదుటివాడు మీద పడేలోగా గురిపెట్టగలగాలి. ఈలోగా ఎదుటివాడు ఊరుకుంటాడా? ఆ రాత్రి మునీర్కాలో ఎక్కిన బస్సులో ఉన్నది ఒకడు కాదు, ఆరుగురు. కదులుతున్న బస్సులో, మూసిన తలుపుల నడుమ, చేతిసంచిలోని అర కిలో లోహం ఎవరి చేతికి చిక్కి ఉండేదో ఊహించడం కష్టం కాదు.

అభ్యాసం చేయడానికి చోటెక్కడ? మన దేశంలో సామాన్యులకు అందుబాటులో ఉన్న కాల్పుల శిక్షణ కేంద్రాలు నగరాల్లో వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే. తూటాలు ఎన్ని కొనవచ్చునో లైసెన్సు మీదనే పరిమితి రాసి ఉంటుంది. 2016 ఆయుధ నియమావళి లైసెన్సు కోరేవారు సురక్షిత వినియోగంలో శిక్షణ పొందాలని నిర్దేశించింది. ఆయుధాన్ని బహిరంగ స్థలాల్లో పూర్తిగా కప్పి ఉంచాలనీ, ఝళిపించరాదనీ కూడా అంటోంది. మంచి నియమాలే. కాని వారం రోజుల తరగతి ఇచ్చే సర్టిఫికెట్టు వేరు, ఆపత్సమయంలో చేయి మాట వినడం వేరు. ఏళ్ళ తరబడి సర్వీసు రివాల్వరు నడుముకు కట్టుకుని తిరిగిన పోలీసు అధికారులలో ఆ తేడా తెలియనివారుండరు.

కొనడానికి ఎవరు అర్హులన్నది మరో ప్రశ్న. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకోరాదు. ఢిల్లీలో పోలీసు లైసెన్సింగ్ విభాగానికీ, మన జిల్లాలలో కలెక్టరుకూ దరఖాస్తు చేయాలి. పోలీసు విచారణ జరగాలి. రివాల్వరు కావలసిన వారు తగిన కారణం చూపాలి. ఆ చట్టంలోని 14వ సెక్షనులో పలువురు గమనించని ఒక మాట ఉంది. దరఖాస్తుదారుకు చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణం మీద లైసెన్సు నిరాకరించరాదని అది శాసిస్తోంది. తెల్లదొరల కాలంలో తుపాకీ జమీందారుల గౌరవ చిహ్నంగా ఉండేది గనుక, స్వతంత్ర భారత పార్లమెంటు ఆ తేడాను చెరిపివేయ సంకల్పించింది. చట్టం తుడిచివేసిన ఆస్తి అర్హతను ధరల పట్టిక తిరిగి తెచ్చిపెట్టింది. 2014లో నిర్భీక్ ఖరీదు ఈ మహానగరంలోని ఎందరో చిరుద్యోగినుల ఏడాది సంపాదనకు మించినది. రాత్రిపూట సిటీబస్సు కోసం నిలబడే స్త్రీ దీన్ని కొనలేదు. కొనగలిగిన స్త్రీ సాధారణంగా సొంత కారులో, డ్రైవరుతో ఇల్లు చేరుతుంది. పోనీ అప్పోసప్పో చేసి కొన్నదనుకుందాం. మెట్రో స్టేషను ద్వారం వద్ద సంచి ఎక్స్‌రే యంత్రంలోకి పోతుంది. మెట్రోలో ఆయుధాలు నిషిద్ధం. ఒక చేత్తో అమ్మి మరో చేత్తో ఆపివేసే ఈ రెండు చేతులూ ఒకే ప్రభుత్వానివి.

ఆయుధం పట్టే స్వేచ్ఛను చులకన చేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. 1878 నాటి ఆయుధ చట్టం ఒక జాతినే నిరాయుధం చేసిందన్న ఆగ్రహం జాతీయోద్యమంలో ప్రబలంగా ఉండేది. గాంధీజీ సైతం దానిని ఖండించారు. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా చోటు చేసుకుంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ నిర్మాణ సభలో హెచ్.వి. కామత్ దీనిని ప్రాథమిక హక్కుగా చేర్చాలని సవరణ తెచ్చారు. అందరికీ హక్కుగా ఇస్తే నేరగాళ్ళకూ అది హక్కే అవుతుందన్న ధోరణిలో డాక్టర్ అంబేద్కర్ సమాధానమిచ్చారు. సవరణ వీగిపోయింది. ఆ మహనీయులు ఏ పక్షాన నిలిచినా, వాదించినది పౌరునికీ రాజ్యానికీ నడుమ ఉండవలసిన సంబంధం గురించి. నగల పెట్టె రంగు గురించి కాదు.

అసలు ఈ రివాల్వరు ఎవరిమీద గురిపెట్టాలి? జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ప్రచురించే నివేదికలు చూస్తే, నమోదైన అత్యాచారాలలో తొంభై శాతానికి పైగా కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, ఇరుగుపొరుగు, పనిచేసేచోట పైవాడు, పెళ్ళాడతానని నమ్మించినవాడు. మన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్ళయిన ప్రతి పదిమంది స్త్రీలలో సుమారు ముగ్గురు భర్త చేతిలో హింసకు గురైనవారే. చీకటి సందులో ఎదురయ్యే అపరిచితుని కోసం తయారుచేసిన ఆయుధం, భోజనం వడ్డించే వంటింట్లో ఏం చేస్తుంది? అక్కడ అది ఎవరి చేతిలో ఉంటుంది?

ఈ రెండో ప్రశ్నను నిర్భీక్ ప్రచారకులెవరూ వేసుకున్నట్లు లేదు. మన ఇళ్ళలో భార్య పేరిట రిజిస్టరయిన పొలం ఎవరి చేతి కింద ఉంటుందో, స్త్రీలకు రిజర్వు చేసిన గ్రామాలలో సర్పంచి కుర్చీ పక్క కుర్చీలో ఎవరు కూర్చుని సంతకాలు పెట్టిస్తారో పాఠకులకు చెప్పనక్కరలేదు. భార్య పేరిట ఉన్న రివాల్వరు ఒక్కటీ అందుకు మినహాయింపు అవుతుందనుకోవడం అమాయకత్వం. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించి ఒక వ్యక్తికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించారు. పరిమితి నిండిన ఇంటాయనకు ఇల్లాలి పేర మరొక లైసెన్సు ఎంత సౌకర్యమో వేరే చెప్పాలా? అదే సవరణలో పెళ్ళిళ్ళలో గాలిలోకి తుపాకులు కాల్చడాన్ని శిక్షార్హం చేయవలసి వచ్చిందంటే, లైసెన్సు పొందిన ఆయుధాలు ఉత్తరాదిన ఏ పనికి వస్తున్నాయో తెలుస్తూనే ఉంది.

హోం మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2016 ఆఖరుకు దేశంలో సుమారు 33 లక్షల 70 వేల ఆయుధ లైసెన్సులుంటే, అందులో 12 లక్షల 70 వేలకు పైగా ఒక్క ఉత్తర ప్రదేశ్‌లోనివే. ఆ రాష్ట్ర జనాభా దేశంలో ఆరో వంతు, లైసెన్సులు మూడో వంతుకు మించి. తుపాకీ వల్లనే భద్రత చేకూరేటట్లయితే, నిర్భీక్ పుట్టిన ఆ రాష్ట్రం ఈపాటికి ఆడపిల్లలకు పుట్టినిల్లంత చల్లని చోటు కావలసింది.

రాజ్యం తన పనిని పౌరుల భుజాలకెత్తడం ఆడవారి విషయంలోనే జరుగుతున్నది కాదు. 2025 మే మాసంలో అస్సాం మంత్రివర్గం మారుమూల, సున్నిత ప్రాంతాలలోని మూలవాసులకు తుపాకీ లైసెన్సులు ఉదారంగా ఇవ్వడానికి పథకం ఆమోదించింది. ఎవరి నుంచి ఎవరికి రక్షణ అన్నది అక్కడ మరింత ప్రమాదకరమైన ప్రశ్న. ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం కాలంలో అరకొర చదువు, అరకొర శిక్షణ గల గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా నిలబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌లతో కూడిన ధర్మాసనం ఇచ్చిన ఆ తీర్పును, ఆయుధం పంచితే బాధ్యత తీరిందనుకునే ప్రతి ప్రభుత్వమూ చదువుకోవలసి ఉంది.

ఆత్మరక్షణ హక్కు మన శిక్షాస్మృతిలో మొదటినుంచీ ఉన్నదే. అత్యాచారం నుంచి కాపాడుకోవడానికి ప్రాణం తీయడాన్ని సైతం పాత చట్టంలోని 100వ సెక్షను సమర్థించేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన న్యాయ సంహిత 38వ సెక్షనులో అదే హక్కు కొనసాగుతోంది. హక్కుకు లోటు లేదు. లోటు వేరే చోట ఉంది. 2013 బడ్జెటులో వెయ్యి కోట్లతో ఆర్భాటంగా ప్రారంభించిన నిర్భయ నిధిలో అత్యధిక భాగం తొలి సంవత్సరాలలో ఖర్చే కాలేదు. పోలీసు బలగంలో మూడో వంతు స్త్రీలు ఉండేటట్లు చూడాలని అదే ఏడాది కేంద్రం రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. పదేళ్ళు గడిచినా దేశవ్యాప్తంగా ఆ వాటా ఎనిమిదో వంతుకు అటూ ఇటూగానే ఉంది.

ఈ రాజధానిలో సిటీబస్సులలో కొంతకాలం మార్షళ్ళుండేవారు. సివిల్ డిఫెన్సు వాలంటీర్ల నుంచి తీసుకున్న యువతీ యువకులు. చేతిలో లాఠీ కూడా లేకున్నా, బస్సు వెనుక సీట్లలో అల్లరిమూకలు వారిని చూసి కొంత అణిగేవి. రాత్రిపూట ప్రయాణం చేసే స్త్రీలు వారి పక్కనే నిలబడడం ఈ విలేఖరి పలుమార్లు చూశాడు. సివిల్ డిఫెన్సు ఏర్పడింది ప్రకృతి వైపరీత్యాల కోసమేననీ, బస్సులలో కాపలాకు కాదనీ ఫైళ్ళలో అభ్యంతరం లేచింది. ఢిల్లీ ప్రభుత్వం తప్పని కేంద్రం వైపు వారు, లెఫ్టినెంట్ గవర్నర్ తప్పని రాష్ట్రం వైపు వారు వాదులాడుకుంటుండగానే, 2023 నవంబరు నుంచి సుమారు పది వేల మందిని ఇంటికి పంపివేశారు.