దొర చిట్టా పోయింది.. సిబిల్ చిట్టా వచ్చింది

లక్ష రూపాయల యూనిట్. అందులో 90 వేలు ప్రభుత్వ సబ్సిడీ, 10 వేలు బ్యాంకు రుణం. ఆ 10 వేల దగ్గర బ్యాంకు ‘సిబిల్ బాగాలేదు’ అంటే 90 వేల సబ్సిడీ కూడా అక్కడే ఆగిపోతుంది.

2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువత కోసం ప్రకటించిన రాజీవ్ యువ వికాసం పథకంలో ఉన్న లెక్క ఇదే. 50 వేల వరకు నూరు శాతం సబ్సిడీ. లక్ష వరకు 90 శాతం, రెండు లక్షల వరకు 80 శాతం, నాలుగు లక్షల వరకు 70 శాతం. మిగతాది బ్యాంకు రుణం. 16 లక్షల మందికి పైగా దరఖాస్తు చేసుకున్నారు. బ్యాంకులు దరఖాస్తుదారుల సిబిల్ స్కోరు చూస్తున్నాయన్న వార్తలు రాగానే పల్లెల్లో గుబులు మొదలైంది. జూన్ 2న ఇస్తామన్న మంజూరు పత్రాలు వాయిదా పడ్డాయి. 2021లో వచ్చిన దళితబంధు అమలులో ఎన్ని లోపాలున్నా, ఆ 10 లక్షలకు బ్యాంకు రుణంతో లింకు లేదు. ఇప్పుడు సంక్షేమ పథకానికీ మనకూ మధ్య ఒక ప్రైవేటు కంపెనీ రాసిన కాగితం వచ్చి కూర్చుంది.

నల్లగొండ, పాలమూరు పల్లెలకు ఇది కొత్త అనుభవం కాదు. తాతల కాలంలో అప్పు లెక్క దొర దగ్గరో షావుకారు దగ్గరో ఉండేది. ఎంత తీసుకున్నదీ, ఎంత కట్టిందీ వాళ్లే రాసేవాళ్లు. వేలిముద్ర మనది, రాత వాళ్లది. ఆ లెక్క తెగక తరాలు జీతం ఉన్నాయి. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి ఆ బాకీలను రద్దు చేసింది. కానీ మన లెక్కను మనమే చదివి, తప్పుంటే తప్పని చెప్పే హక్కు మాత్రం ఇంకా వాడల దాకా రాలేదు. చట్టంలో ఉంది, చేతిలో లేదు.

ఎవరు రాస్తున్నారు?

అందరూ ‘సిబిల్’ అంటున్నా, అది నాలుగు కంపెనీల్లో ఒకటి మాత్రమే. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఇవి క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం, 2005 కింద ఆర్‌బీఐ అనుమతితో నడుస్తాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, మైక్రోఫైనాన్స్ సంస్థలు మన కిస్తీల వివరాలు వీటికి పంపుతాయి. దాన్నిబట్టి 300 నుంచి 900 దాకా స్కోరు వేస్తారు. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకే తేల్చుకుంటుంది. కానీ ‘సిబిల్ రాలేదు’ అంటే మన దగ్గర మాట అక్కడితో ఆగిపోతోంది.

మచ్చ ఎక్కడి నుంచి వచ్చింది?

మన జిల్లాల్లో చాలా మచ్చలు మన సోమరితనం వల్ల రాలేదు. మొదటిది మైక్రోఫైనాన్స్. 2010లో వారం వారం కిస్తీల వేధింపులు, ఆత్మహత్యల నేపథ్యంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చింది. కట్టొద్దని నాయకులే చెప్పారు. మహిళలు కట్టడం ఆపారు. ఆ తర్వాత 2011 డిసెంబరులో ఆర్‌బీఐ మైక్రోఫైనాన్స్ కంపెనీలు క్రెడిట్ బ్యూరోలో సభ్యత్వం తీసుకోవాలని చెప్పింది. పోరాటాన్ని ప్రభుత్వం సమర్థించింది గానీ, ఎగవేత రాత మాత్రం అమ్మల పేరు మీద పడింది.

రెండోది మాఫీ. 2018 ఎన్నికల్లో లక్ష రూపాయల రుణమాఫీ హామీ ఇచ్చి ఏళ్ల తరబడి విడతలుగా సాగదీశారు. 2024లో రెండు లక్షల మాఫీ జూలైలో మొదలై, నాలుగో విడత నవంబరు 30న మహబూబ్‌నగర్ రైతు సభలో విడుదలైంది. మాఫీ అవుతుందని నమ్మి కట్టని రైతు ఖాతా ఈలోగా గడువు దాటి మొండి బాకీల్లోకి పోయింది. మాఫీ డబ్బు పడినా రిపోర్టులో పాత రాత అలాగే ఉంటే, ఎకరం అర ఎకరం ఉన్న మాల, మాదిగ రైతుకు మాఫీ సగమే అందినట్టు.

మూడోది వలస. పుణెకో ముంబైకో పోయిన పాలమూరు కూలీకి సిమ్ మారుతుంది, చిరునామా మారుతుంది. నోటీసు ఊర్లో తాళం వేసిన ఇంటికి వస్తుంది. రిపోర్టు తీసుకోవాలంటే ఓటీపీ పాత నంబరుకు పోతుంది. నాలుగోది జామీను. మేస్త్రీకో పక్కింటివాళ్లకో సంతకం పెట్టినవాళ్ల రిపోర్టులో కూడా ఆ అప్పు కనిపిస్తుంది.

రిపోర్టును ఎలా చదవాలి?

నాలుగు కంపెనీల్లో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. 2017 జనవరి నుంచి ఇది అమల్లో ఉంది. ఇంటర్నెట్ సెంటర్‌లో ఎవరైనా ‘సిబిల్ ఫీజు’ అడిగితే, అది రిపోర్టు ధర కాదని గుర్తుంచుకోవాలి. ఒకరి రిపోర్టులో లేని అప్పు ఇంకొకరి దాంట్లో ఉండొచ్చు కాబట్టి నాలుగూ చూడాలి. అప్పు కోసం దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు చూసిన రిపోర్టు కాపీని మనం అడగొచ్చు. చట్టంలోని సెక్షన్ 21 ఆ హక్కు ఇచ్చింది.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. నాలుగు మాటలు తెలిస్తే చాలు. ‘క్లోజ్డ్’ అంటే పూర్తిగా కట్టేసిన అప్పు. ‘సెటిల్డ్’ అంటే కొంత తగ్గించి కట్టి తెంపుకున్నది. బ్యాంకు ఒప్పుకున్నా ఇది మచ్చగానే ఉంటుంది. ‘రిటెన్ ఆఫ్’ అంటే బ్యాంకు తన పుస్తకాల్లో కొట్టేసుకుంది, మనకు మాఫీ కాదు. ‘డీపీడీ’ అంటే కిస్తీ ఎన్ని రోజులు ఆలస్యమైందో చెప్పే అంకె. వీటితోపాటు పేరు, పుట్టిన తేదీ, పాన్ సరిగా ఉన్నాయా, మనం తీసుకోని అప్పు ఉందా అని చూడాలి.

తప్పును ఎలా తీయించాలి?

తప్పు రాతకు విరుగుడు ఉంది. నిజమైన ఆలస్యానికి అడ్డదారి లేదు. ‘ఐదువేలిస్తే సిబిల్ కడిగేస్తాం’ అనేవాళ్లను నమ్మొద్దు. నిజంగా జరిగిన ఎగవేతను డబ్బు తీసుకుని చెరిపే అధికారం ఎవరికీ లేదు. సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలని నిబంధన. బాకీ తీర్చి, నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, ఆ ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్పించుకోవడమే దారి.

తప్పు ఉంటే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా అభ్యంతరం పెట్టాలి. అప్పు ఇచ్చిన బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఇచ్చి, రశీదు తీసుకోవాలి. కిస్తీ రశీదులు, పాస్‌బుక్, మాఫీ అయినట్టు చూపే కాగితం జత చేయాలి. 30 రోజుల్లో తేల్చాలి. అందులో బ్యాంకు తన సవరణ పంపడానికి 21 రోజుల గడువు. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. 2023 అక్టోబరులో ఆర్‌బీఐ ఇచ్చిన ఈ ఆదేశం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 30 రోజులైనా జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. టోల్ ఫ్రీ నంబరు 14448. క్రెడిట్ కంపెనీలు 2022 సెప్టెంబరు నుంచి ఈ పరిధిలోకి వచ్చాయి.

విద్యార్థులు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిసారి అప్పుకు వచ్చినవాళ్లకు కనీస సిబిల్ స్కోరును ఆర్‌బీఐ నిర్దేశించలేదని, అప్పు చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించొద్దని బ్యాంకులకు చెప్పిందని 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటుకు తెలిపింది. సిబిల్ తక్కువ ఉందన్న కారణంతో విద్యా రుణం నిరాకరించరాదని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. అది మన హైకోర్టు తీర్పు కాదు, కానీ బ్యాంకు మేనేజరు ముందు పెట్టదగిన తీర్పు.

ఎవరి బాకీకి ఎంత మచ్చ?

2014-15 నుంచి పదేళ్లలో బ్యాంకులు 16.35 లక్షల కోట్ల రూపాయల రుణాలను పుస్తకాల్లోంచి కొట్టేశాయని కేంద్రమే 2025 మార్చిలో పార్లమెంటుకు చెప్పింది. ఇది మాఫీ కాదు, వసూలు కొనసాగుతుందని ప్రభుత్వం అంటోంది. నిజమే. అదే ‘రిటెన్ ఆఫ్’ మాట పాలమూరు కూలీ రిపోర్టులోనూ ఉంటుంది. తేడా ఏమిటంటే, పెద్దవాళ్లకు ఆ మాట వెనక వకీళ్లు, సెటిల్‌మెంటు బేరాలు ఉంటాయి. 20 వేలు బాకీ ఉన్న మన అక్కకు ఆ రిపోర్టు చదివి చెప్పేవాళ్లు కూడా ఉండరు.

అందుకే ఇది ఒక్కొక్కరు స్కోరు పెంచుకునే చిట్కాల వ్యవహారంగా మిగలకూడదు. సబ్సిడీ పథకాల్లో బ్యాంకు వాటాను ఎస్సీ కార్పొరేషన్ హామీతో ఇవ్వాలి, స్కోరుతో ముడిపెట్టకూడదు. మాఫీ అయిన ప్రతి ఖాతా రిపోర్టులో సరిచేశారా అని జిల్లా బ్యాంకర్ల సమావేశంలో కలెక్టర్ అడగాలి. తిరస్కరిస్తే కారణం తెలుగులో రాసి ఇవ్వాలి. సంఘాలు, హాస్టళ్ల విద్యార్థులు అంబేడ్కర్ భవన్లలో వారానికో రోజు కూర్చుని వాడలో అందరి రిపోర్టులు తీసి చదివి పెట్టాలి. ఫోనున్న విద్యార్థి పది కుటుంబాల రిపోర్టులు చూడగలడు.

దొర చిట్టాను మన పెద్దలు చదవలేకపోయారు, ఎందుకంటే చదువు ఇవ్వలేదు. ఈ చిట్టాను మనం చదవగలం. అందులో మన పేరు మీద తప్పు ఉంటే, దాన్ని రోజుకు వంద రూపాయల లెక్కన వాళ్ల బాకీగా రాయించగలం.