బొమ్మ ఒకటే, భాషకే చోటు కరువు: హెచ్‌డీ తెరపై ప్రాంతీయ క్రీడా ఛానళ్లు

ఉప్పల్ స్టేడియంలో ఒక బంతి బౌండరీ దాటుతుంది. దాన్ని పట్టే కెమెరాలు ఒకటే, మైదానం వెలుపల నిలిపిన ప్రసార వాహనం నుంచి బయలుదేరే చిత్రం కూడా ఒకటే. ఇంగ్లిష్ ఛానల్లోనూ, హిందీలోనూ, తెలుగులోనూ కనిపించేది అదే బంతి, అదే పచ్చిక. మారేవి వ్యాఖ్యాత గొంతు, తెర అడుగున నడిచే అక్షరాలు, ఓవర్ల మధ్య వచ్చే ప్రకటనలు మాత్రమే. అయినా మన దేశంలో చాలాకాలం గొంతు మారితే బొమ్మ కూడా మసకబారింది. స్పష్టమైన చిత్రం కావాలనుకున్నవారు ఇంగ్లిష్‌నో హిందీనో ఆశ్రయించాలి. తెలుగు వ్యాఖ్యానం కావాలనుకున్నవారు పాతకాలపు చిత్రంతో సరిపెట్టుకోవాలి. ఈ పరిస్థితి కొంత మారింది గానీ, దాని వెనుక ఉన్న లెక్కలు ఇంకా సరిగా మారలేదు.

స్టార్ సంస్థ తమిళంలో క్రీడా ఛానల్‌ను 2017లో ప్రారంభించింది. తెలుగు ఛానల్ 2018 డిసెంబరులో వచ్చింది. 2021 జూన్‌లో సోనీ సంస్థ తమిళ, తెలుగు వ్యాఖ్యానాల కోసం టెన్ 4 ఛానల్‌ను తెచ్చింది. స్టార్ తెలుగు క్రీడా ఛానల్‌కు హెచ్‌డీ రూపం మాత్రం 2023 ఐపీఎల్‌కు ముందు గానీ రాలేదు. దూరదర్శన్ ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలను హెచ్‌డీలో ప్రసారం చేసింది 2010లో. అంటే ఈ దేశానికి హెచ్‌డీ క్రీడాప్రసారం పరిచయమైన పన్నెండేళ్ల తరువాత గానీ తెలుగు వ్యాఖ్యానానికి ఆ స్థాయి చిత్రం పూర్తిగా జతపడలేదు. ఛానల్ ఉండటం వేరు, అది మన ఇంటికి చేరడం వేరు. కష్టమంతా ఆ రెండోదాని దగ్గరే ఉంది.

ఆకాశంలో అద్దె గదులు

సాధారణ ఎస్‌డీ చిత్రం 720 చుక్కల వెడల్పు, 576 వరుసల ఎత్తు. పూర్తి హెచ్‌డీ చిత్రం 1920 చుక్కలు, 1080 వరుసలు. గుణించి చూస్తే రెండోది మొదటిదానికి సరిగ్గా ఐదు రెట్లు. సంకేతాన్ని కుదించే పద్ధతులు మెరుగుపడటంతో ఆచరణలో ఈ భారం కొంత తగ్గుతుంది. ఉజ్జాయింపుగా ఒక హెచ్‌డీ ఛానల్ ఆక్రమించే చోటులో మూడు నాలుగు ఎస్‌డీ ఛానళ్లు ఇముడుతాయి. క్రీడలకు అంతకన్నా తగ్గించడం కష్టం. వార్తలు చదివే వ్యక్తి వెనుక గోడ కదలదు కాబట్టి ఆ చిత్రాన్ని గట్టిగా కుదించవచ్చు. కబడ్డీ కోర్టులో ఏడుగురు ఒకేసారి కదిలినా, బంతి వెంట కెమెరా పరుగెత్తినా, చోటు మిగుల్చుకోవాలని చూస్తే చిత్రం గళ్లు గళ్లుగా విరిగిపోతుంది.

డీటీహెచ్ సంస్థలకు ఈ చోటు ఉపగ్రహంలోని ట్రాన్స్‌పాండర్ల రూపంలో దొరుకుతుంది. అవి పరిమితం, ఖరీదైనవి. 2022 జూన్‌లో ఫ్రెంచ్ గయానా నుంచి ప్రయోగించిన జీశాట్-24 ఉపగ్రహంలోని 24 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్ల సామర్థ్యాన్ని మొత్తంగా టాటా ప్లే ఒక్కటే తీసుకున్నదంటే ఈ ఆకాశస్థలం విలువ ఎంతో అర్థమవుతుంది.

ఇక్కడే భాషకు సంబంధించిన అసలు చిక్కు ఉంది. డీటీహెచ్ ఉపగ్రహం దేశమంతటికీ ఒకే గొడుగు పడుతుంది. తెలుగు క్రీడా ఛానల్‌ను హెచ్‌డీలో ఎక్కిస్తే అది లద్దాఖ్ మీదా అస్సాం మీదా కూడా కురుస్తుంది, అక్కడ చూసేవారు లేకపోయినా. కేబుల్ వ్యవస్థకు ఈ బెంగ లేదు. విజయవాడ కేబుల్ ఆపరేటర్ తన ఊరివాళ్లకు ఏది కావాలో అది పెట్టుకోగలడు. అయితే అదే కారణంతో సూరత్‌లోనో భివండిలోనో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబానికి అక్కడి కేబుల్‌లో తెలుగు క్రీడా ఛానల్ దొరకడం కష్టం. వారికి డీటీహెచ్ గొడుగే గతి. ఆ గొడుగు కింద మొదట కోత పడేది కూడా ప్రాంతీయ భాషల హెచ్‌డీకే.

ధరల లెక్కలో పొసగనిది

చోటుకు వెల ఎలా కట్టాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేతిలో ఉంది. 2017 మార్చిలో ప్రకటించి 2019 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలు చేసిన కొత్త టారిఫ్ విధానంలో, నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు లెక్కకు ఒక హెచ్‌డీ ఛానల్‌ను రెండు ఎస్‌డీ ఛానళ్లతో సమానంగా తీసుకున్నారు. ఛానల్‌ను మోసినందుకు ప్రసార సంస్థ నుంచి ఆపరేటర్ వసూలు చేయగల క్యారేజ్ ఫీజుకూ అదే నిష్పత్తి: ఒక్కో చందాదారుకు నెలకు ఎస్‌డీకి 20 పైసలు, హెచ్‌డీకి 40 పైసలు గరిష్ఠ పరిమితి. ఆపరేటర్ మార్కెట్‌లో చందాదారుల్లో 20 శాతం మంది ఆ ఛానల్‌ను ఎంచుకుంటే ఈ ఫీజు ఇక ఉండదు.

ఆకాశంలో మూడు నాలుగింతల చోటు తినే వస్తువుకు కాగితం మీద రెండింతల వెల. ఆపరేటర్ వ్యాపారి, ఈ తేడా అతనికి కనిపించకుండా పోదు. 2024 జూలై సవరణలతో ట్రాయ్ క్యారేజ్ ఫీజులో హెచ్‌డీ, ఎస్‌డీ భేదాన్నే తొలగించింది. సాంకేతికతతో నిమిత్తం లేని సరళమైన నిబంధన కావాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఎక్కువ చోటు తినే ఛానల్‌కూ తక్కువ చోటు తినే ఛానల్‌కూ ఒకే పరిమితి పెడితే ఆపరేటర్ ఏ వైపు మొగ్గుతాడో ఊహించడానికి అర్థశాస్త్రం చదవనక్కరలేదు. హిందీ హెచ్‌డీకి కోట్ల ప్రేక్షకులు ఉన్నారు కాబట్టి దాన్ని ఎవరూ దింపరు. ఆ భారం పడేది తెలుగు, తమిళ, కన్నడ హెచ్‌డీల మీద.

ప్రేక్షకుడి వైపు కూడా ఒక ముడి ఉంది. నిబంధనల ప్రకారం ఒకే ఛానల్ ఎస్‌డీ, హెచ్‌డీ రూపాలను ఒకే ప్యాక్‌లో కలపకూడదు. ఒకే సరుకును రెండుసార్లు అమ్మకుండా చేసిన ఏర్పాటిది, సమంజసమే. అయితే తెలుగు ప్యాక్ తీసుకున్న ఇంట్లో ఎస్‌డీ వస్తుంటే, హెచ్‌డీ కావాలంటే ప్యాక్ మార్చాలి, పెట్టె పాతదైతే సెట్‌టాప్ బాక్స్ కూడా మార్చాలి. ప్యాక్‌లో చేర్చగల ఛానల్ ధర పరిమితి మొదట 19 రూపాయలు, 2020లో 12 రూపాయలు, 2022 నవంబరు సవరణతో మళ్లీ 19 రూపాయలు. ప్రతి మార్పుకూ ఒక వివాదం, ప్రతి వివాదానికీ ఒక కోర్టు మెట్టు. 2023 ఫిబ్రవరిలో కొత్త ఒప్పందాలపై సంతకాలు చేయని కేబుల్ సంస్థలకు పెద్ద ప్రసార సంస్థలు సంకేతాలు నిలిపివేసినప్పుడు ఢిల్లీలో భారత్, ఆస్ట్రేలియా టెస్టు సాగుతోంది. బిల్లు కట్టిన ప్రేక్షకుడి తెర నల్లబడింది. తప్పు ఎవరిదన్న వాదనను రెండు పక్షాలూ పత్రికా ప్రకటనల్లో చేసుకున్నాయి.

చిత్రాన్ని ఎందుకు పదేపదే మోయాలి?

మొదట చెప్పిన మాటను మరోసారి తలచుకుంటే ఒక ప్రశ్న రాక తప్పదు. బొమ్మ ఒకటే అయినప్పుడు దాన్ని హిందీకి ఒకసారి, ఇంగ్లిష్‌కు ఒకసారి, తెలుగుకు ఒకసారి, తమిళానికి ఒకసారి ఉపగ్రహం మీదికి ఎత్తడం ఎందుకు? ఒక హెచ్‌డీ చిత్రానికి సెకనుకు దాదాపు ఆరు నుంచి ఎనిమిది మెగాబిట్లు కావాలి. వ్యాఖ్యాన ధ్వనికి ఒక మెగాబిట్‌లో ఐదో వంతు కూడా అక్కరలేదు. ఒకే చిత్రానికి నాలుగైదు ధ్వని మార్గాలు జతచేసి, రిమోట్‌తో భాష ఎంచుకునే వీలు కల్పించడం కొత్త విద్య కాదు. జంతులోకాన్నీ విజ్ఞానాన్నీ చూపే ఛానళ్లు మన దేశంలో ఏళ్ల తరబడి ఇలాగే తెలుగులో వినిపించాయి.

క్రీడలకు ఆ దారి ఎంచుకోకపోవడానికి కారణం సాంకేతికం కాదు. వేరే ఛానల్ ఉంటే వేరే ప్రకటనలు అమ్మవచ్చు. దేశవ్యాప్త ప్రకటనకు సరిపడా డబ్బు లేని హైదరాబాద్ నగల దుకాణమో, గుంటూరు మసాలా సంస్థో తెలుగు ఛానల్‌లో పది సెకన్లు కొనగలదు. వేరే ఛానల్‌కు వేరే రేటింగు వస్తుంది, వేరే ధర పెట్టవచ్చు. పైగా ప్రాంతీయ ఛానల్ అంటే గొంతు మార్పు ఒక్కటే కాదు: మ్యాచ్‌కు ముందు చర్చలు, స్టూడియో, మన నేలనుంచి వెళ్లి దేశానికి ఆడిన వేణుగోపాలరావు, ఎం.ఎస్.కె. ప్రసాద్ వంటివారి విశ్లేషణ. ఒట్టి ధ్వని మార్గంగా మిగిలితే ఇవన్నీ పోతాయన్న వాదనలో బలం ఉంది. 2023–27 కాలానికి ఐపీఎల్ టీవీ హక్కులకు స్టార్ సంస్థ 23,575 కోట్ల రూపాయలు వెచ్చించింది. ఆ సొమ్ము రాబట్టుకోవాలంటే ప్రతి భాషనూ ఒక దుకాణంగా తెరవాల్సిందే.

అయినా ఆ రెండింటికీ మధ్య దారి ఉంది. తెలుగు ఎస్‌డీ ఛానల్ తన ప్రకటనలతో, తన స్టూడియోతో యథాతథంగా నడవవచ్చు. తెలుగు హెచ్‌డీని మోయలేమని ఆపరేటర్ అన్నచోట, అప్పటికే మోస్తున్న ఇంగ్లిష్ లేదా హిందీ హెచ్‌డీకి తెలుగు ధ్వనిని జోడించాలని నియంత్రణ సంస్థ నిర్దేశించవచ్చు. 2022 నవంబరు మార్గదర్శకాల్లో సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఇప్పటికే ఒక అడుగు వేసింది: ఛానల్ భాషను మార్చుకోవడానికీ, ఎస్‌డీనుంచి హెచ్‌డీకి మారడానికీ ముందస్తు అనుమతి అక్కరలేదు, తెలియజేస్తే చాలు. అనుమతి సులువైంది. మోసే బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు.

చట్టంలో లేని మాట

ప్రజాప్రసార వ్యవస్థ సంగతి చెప్పకుండా ఈ చర్చను దాటేయలేం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో చెప్పింది ఒక క్రికెట్ ప్రసార వివాదంలోనే. 2007 నాటి క్రీడా ప్రసార సంకేతాల చట్టం ప్రకారం జాతీయ ప్రాధాన్యం గల పోటీల ప్రత్యక్ష సంకేతాన్ని హక్కుదారు తన ప్రకటనలు లేకుండా ప్రసారభారతితో పంచుకోవాలి. ప్రకటనల ఆదాయంలో కనీసం 75 శాతం హక్కుదారుకు, మిగిలింది ప్రసారభారతికి. ఆ సంకేతం దూరదర్శన్ భూతల ప్రసారాలకూ సొంత డీటీహెచ్ వేదికకూ మాత్రమే పరిమితమని, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌ల ద్వారా అందించరాదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

అంటే నెలవారీ చందా లేకుండా భారత జట్టు మ్యాచ్ చూడాలంటే దారి డీడీ ఫ్రీడిష్. పరిశ్రమ అంచనాల్లో అది సుమారు నాలుగున్నర కోట్ల ఇళ్లకు చేరింది. మరోవైపు చెల్లింపు డీటీహెచ్ చందాదారులు 2020 చివర 7 కోట్లకు పైగా ఉండగా 2025 మార్చి నాటికి 5.7 కోట్ల దరిదాపుకు తగ్గారు. బరువు క్రమంగా ఉచిత వేదిక వైపు ఒరుగుతోంది. అక్కడి ఛానళ్లలో అత్యధికం నేటికీ ఎస్‌డీవే. ఐపీఎల్, ప్రొ కబడ్డీ వంటి లీగులు జాతీయ ప్రాధాన్య జాబితాలో లేవు కాబట్టి వాటికి ఈ పంపకమూ వర్తించదు. జాబితాలో ఉన్నవాటిని ప్రేక్షకుడి భాషలో, మేలైన చిత్రంతో అందించాలన్న మాట చట్టంలో ఎక్కడా లేదు.

చేయలేక కాదు. 2023లో వెస్టిండీస్ పర్యటన ప్రసారం దూరదర్శన్‌కు దక్కినప్పుడు పరిమిత ఓవర్ల మ్యాచ్‌లను తెలుగు సహా పలు భాషల్లో ప్రాంతీయ ఛానళ్ల ద్వారా అందించింది. అదే ఏడాది జనవరిలో కేంద్ర మంత్రివర్గం ప్రసారభారతి ఆధునికీకరణకు 2,539.61 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. హెచ్‌డీ ప్రసార వాహనాలు, మారుమూల ప్రాంతాలకు ఎనిమిది లక్షలకు పైగా ఉచిత సెట్‌టాప్ బాక్సులు, విజయవాడ దూరదర్శన్‌ను 24 గంటల ఛానల్‌గా తీర్చడం అందులోని అంశాలు. ఈ పరికరాలు సమకూరిన తరువాత కూడా యాదగిరి, సప్తగిరి ఛానళ్లలో భారత జట్టు మ్యాచ్ తెలుగులో రావడం ఏదో ఒక సిరీస్‌లో దక్కే అదృష్టంగానే మిగిలితే, లోపం యంత్రాలది అనలేం.

అంతర్జాలం ఈ సమస్యను తీర్చేసిందనే వారున్నారు. 2023 ఐపీఎల్‌ను జియోసినిమా 12 భాషల్లో ఉచితంగా చూపించిన మాట నిజమే. 2024 నవంబరులో రెండు పెద్ద సంస్థలు విలీనమై, మరుసటి ఏడాది జియోహాట్‌స్టార్ వచ్చాక ఆ పూర్తి ఉచితం పోయింది. టీవీ హక్కులూ డిజిటల్ హక్కులూ ఒకే గూటికి చేరాయి. తెలుగు హెచ్‌డీని ఉపగ్రహం మీద మోయించాలన్న పట్టుదల అలాంటి సంస్థకు ఎందుకుంటుంది? ప్రేక్షకుడు యాప్‌కు వస్తే దానికి ఇంకా లాభం. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే పెద్ద తెరకు బ్రాడ్‌బ్యాండ్ లేని ఊళ్లో ఆ యాప్ ప్రత్యామ్నాయం కాదు. ఒకరి ఫోన్‌లోని రోజువారీ డేటా ఒక మ్యాచ్‌కు చాలదు.

ప్రస్తుత ఐపీఎల్ హక్కుల గడువు 2027 సీజన్‌తో ముగుస్తుంది. తదుపరి వేలానికి ముందే టెండరు పత్రాలు రాస్తారు. ఎన్ని భాషల్లో, ఏ స్థాయి చిత్రంతో, ఏ వేదికల మీద ప్రసారం చేయాలో ఆ పత్రాల్లో షరతుగా పెట్టే అధికారం క్రికెట్ బోర్డుకు ఉంది. క్యారేజ్ నిబంధనలను మరోసారి తెరిచే అధికారం ట్రాయ్‌కు, 2007 చట్టంలో భాష అన్న మాట చేర్చే అధికారం పార్లమెంటుకు ఉన్నాయి. టెండరు పత్రం మీద సంతకాలు పడ్డాక మరో కొన్నేళ్ల వరకు అడగడానికి ఏమీ మిగలదు.